నేల విడువని సాము: దిగువ కృష్ణా డెల్టాలో దేహసాధన పరికరాల ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

యుద్ధవిద్యలు అభ్యసించేవారు బలానికీ దమ్ముకీ ఏ పరికరాలను ఎంచుకున్నారు, ఏ ప్రమాణంతో ఎంచుకున్నారు అన్న ప్రశ్నను మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రాయి దొరకని ఒండ్రునేలలో కర్ర, తాడు, బస్తా, బురద, నీరు సాధనాలుగా పనికివచ్చాయనీ, ఎంపికకు ఆయా విద్యల్లోని కదలికే ప్రమాణమనీ, పాఠశాల కవాతు, దాని వెనుక వ్యాయామశాల ఆ ప్రమాణాన్ని తూకంవైపు జరిపాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సాము, గరిడి, తాలింఖానా, కర్రసాము, కృష్ణా డెల్టా, వ్యాయామ పరికరాలు, శ్రమచరిత్ర

1. ప్రవేశిక

ఆధారం లేని ప్రయత్నాన్ని ‘నేల విడిచి సాము’ అంటాం. సాము చేసేవాడి మొదటి పరికరం నేల అన్న ఎరుక ఈ జాతీయంలో ఉంది. దీన్ని అలంకారంగా వాడేవారే గాని అక్షరార్థంలో పట్టించుకున్నవారు తక్కువ. ఏ నేల మీద సాము చేస్తారో ఆ నేలే పరికరాన్ని కూడా నిర్ణయిస్తుందా అన్నది ఇక్కడి ప్రశ్న. తెలుగునాట యుద్ధవిద్యల గురించి రాసినవారు వీరుల పేర్లు చెప్పారు, ఆయుధాలు వర్ణించారు. ఆ ఆయుధం పట్టిన చేయి ఏ వస్తువుతో గట్టిపడిందో మాత్రం చెప్పడం అరుదు. కత్తికి చరిత్ర ఉంది. కత్తి పట్టకముందు తిప్పిన దుంగకు లేదు.

2. పదాల్లో మిగిలిన సాధనశాల

వస్తువులు పోయినచోట పదాలు సాక్ష్యమిస్తాయి. గరిడి అంటే సాము నేర్పే చోటు. ఇంద్రజాలమనే అర్థంలోని ‘గారడీ’తో అది కలిసిపోయి ‘సాము గారడీ’ అని వినబడటం ఇప్పుడు మామూలైంది. విద్యను నేర్పే స్థలం పేరు కనికట్టు పేరుగా మారిందంటే, ఆ స్థలం మన కళ్ళముందు లేదన్నమాట. తాలింఖానా, కసరత్తు, వస్తాదు, పహిల్వాను అన్నవి పారసీ, అరబ్బీ మూలాల నుంచి వచ్చినవి. మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. ‘బందరు’ అన్న పేరే రేవు అని అర్థమిచ్చే పారసీ మాట. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చి వర్తకం పెట్టిన ఈ పట్నంలో పరిపాలన భాషతోబాటు సాధనశాల పరిభాష కూడా వాడుకలోకి దిగి ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

వీటికంటే పాత పొర ‘జెట్టి’ అన్న మాటలో కనిపిస్తుంది. 12వ శతాబ్దంలో కల్యాణ చాళుక్యరాజు మూడో సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాసంలో మల్లవినోద ప్రకరణం ఉంది. అందులో మల్లుల్లో మేటి శ్రేణివారిని జ్యేష్ఠికులన్నారు. జెట్టికి మూలం ఆ మాటలోనే వెదకవచ్చు. మన ప్రశ్నకు కావలసింది ఆ ప్రకరణంలోని శ్రమల విభజన. బరువుతో చేసే శ్రమ, నడకతో చేసే శ్రమ, నీటిలో చేసే శ్రమ, స్తంభాన్ని పట్టుకొని చేసే శ్రమ అని అక్కడ వేరువేరుగా చెప్పారు. బరువు వీటిలో ఒకటి మాత్రమే. మిగిలినవాటికి పరికరం ఒక దారి, ఒక చెరువు, పాతిపెట్టిన ఒక మాను. బలాన్ని ఎత్తిన బరువుతోనే కొలిచే మన అలవాటును తొమ్మిది వందల ఏళ్ళనాటి ఈ గ్రంథం ముందు పెట్టి చూస్తే, ఆ అలవాటు ఎంత కొత్తదో తెలుస్తుంది.

తరగతిలో ‘గోదా’ అంటే ఏమిటని అడిగితే ఎన్నికల గోదా అన్న జవాబు వస్తుంది. గోదా అంటే మల్లులు దిగే మెత్తటి మట్టిపట్టు అని చెప్పవలసివస్తోంది. పిల్లల తప్పు కాదు; పత్రికల్లో వారికి ఆ మాట ఆ అర్థంలోనే దొరికింది.

3. రాయి లేని నేల

మెట్టప్రాంతాల్లో బలపరీక్ష అనగానే గుండు గుర్తుకు వస్తుంది. ఊరి రచ్చబండ దగ్గర గుండ్రటి రాతిగుండు ఉంటుంది. దాన్ని భుజానికెత్తినవాడు మొనగాడు. దిగువ కృష్ణా డెల్టాలో ఆ గుండుకు రాయి ఎక్కడిది? బెజవాడ దగ్గర ఇంద్రకీలాద్రి, సీతానగరం కొండల మధ్య కృష్ణ కొండలను వదిలేస్తుంది. 1852–55 మధ్య ఆనకట్ట కట్టింది అక్కడే. అక్కడినుంచి హంసలదీవి దాకా నది తెచ్చి పోసిన ఒండ్రే. ఘంటసాల బౌద్ధశిల్పాలకు వాడిన సున్నపురాయి సైతం ఎగువ పల్నాటి జాతిది. ఇంటి రోలు, తిరగలి కూడా బయటినుంచి కొని తెచ్చుకోవలసిన సీమ ఇది. వంటింట్లోనే రాయికి విలువ ఉన్నచోట ఎత్తి పారేసే గుండుగా దాన్ని వాడటం సులభం కాదు.

అయితే ఇక్కడ ఉన్నవి తక్కువేమీ కావు. తాడిచెట్టు, వెదురు, తుమ్మ, తీరంలో సరుగుడు, కొబ్బరిపీచు తాడు, ఇసుక, చిక్కటి నల్లరేగడి బురద, కాలువలు, ఉప్పుటేర్లు, సముద్రం. వీటిలో ప్రతిదీ ఒక్కో రకమైన బలాన్ని అడుగుతుంది. మోకాలిలోతు బురదలో నడిచేవాడు అడుగు దించేటప్పుడు కాదు, పైకి తీసేటప్పుడు శ్రమిస్తాడు. తుంటి, తొడ వెనుక కండరాలకు అది పని. మంగినపూడి తీరంలో పొడి ఇసుక మీద పరుగు పిక్కలకు, చీలమండలకు పని. ఇది మల్లయుద్ధానికీ చెడుగుడుకూ నేరుగా పనికివచ్చే సాధన.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ‘దమ్ము’ అంటే ఊపిరి, ఓర్పు. డెల్టా రైతు నోట ‘దమ్ము’ అంటే నాట్లకు ముందు నీరు పెట్టి మడిని దున్ని బురదచేయడం. వ్యుత్పత్తిలో ఈ రెండింటికీ చుట్టరికం ఉందని వాదించను. దమ్ము చేసిన మనిషికి దమ్ము ఉంటుందన్నది మాత్రం గుడివాడ చుట్టుపక్కల ఎవరికీ నిరూపించనక్కరలేని సంగతి.

కర్రసాముకు ఈ నేల ఇచ్చిన తోడ్పాటు మరింత ఆసక్తికరమైనది. రోడ్లు బాగుపడకముందు డెల్టాలో సరుకు, మనుషులు కాలువల మీద పడవల్లో సాగేవారు. పడవను గెడతో తోసేవారు, లేదా గట్టుమీద నడుస్తూ తాడుకట్టి లాగేవారు. గెడ వేసేవాడు పొడవాటి వెదురును రెండు చేతుల మధ్య జార్చి, అడుగున ఆనించి, ఒళ్ళంతటి బరువును దానిమీదికి మళ్ళిస్తాడు. మళ్ళీ పైకి లాగి మణికట్టు తిప్పి ముందుకు వేస్తాడు. కర్రసాములో పట్టు జార్చడం, పట్టు మార్చడం ఇదే కదలికకు వేగం పెంచిన రూపం. పడవవాళ్ళే కర్రసాము పుట్టించారని నేననను. గెడ పట్టిన చేతికి కర్ర పరాయిది కాదని మాత్రమే అంటున్నాను.

4. ఎవరి బలం నమోదైంది

ఇక్కడే అసలు చిక్కు ఉంది. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి మోకు, కాళ్ళబంధం. తీరంలో అలివి వలను వెనక్కి అడుగులేస్తూ లాగే బెస్తల తాడు. బియ్యపు మిల్లుల ఊరైన గుడివాడలో హమాలీ వీపున మోసిన బస్తా – ఇవి బలాన్నీ ఓర్పునూ పెంచే వస్తువులే. ధాన్యం బస్తా 75 కిలోలు. దాన్ని నేలనుంచి వీపుకు, వీపునుంచి లారీకి రోజంతా చేర్చేవాడి శక్తిని కొలవడానికి ఏ పోటీ పెట్టలేదు. పనిలో ఉన్నప్పుడు ఆ వస్తువు పనిముట్టు. తాలింఖానాలో ఉన్నప్పుడు అదే పరికరం. ఈ తేడా వస్తువులో లేదు, పట్టుకున్నవాడి తీరికలో ఉంది. సాము గరిడీల గురించి రాసిన మన సాహిత్యచరిత్ర తీరిక ఉన్నవారి వైపే చూసింది. పరికరాల జాబితా మనకు కురచగా కనిపించడానికి కారణం పరికరాలు లేకపోవడం కాదని నా అభిప్రాయం.

బందరు దసరా ఈ గీతను కొంత చెరిపివేస్తుంది. కాళికాముఖం అమర్చిన పెద్ద చట్రాన్ని ఒంటికి కట్టుకొని డప్పుల మోతకు నాట్యమాడే శక్తిపటాల సంప్రదాయం ఈ పట్నానికి ప్రత్యేకం. మోసేవాడికి కష్టం బరువొక్కటే కాదు. సముద్రపుగాలి వెడల్పాటి పటాన్ని తెరచాపలా పట్టుకుంటుంది. మెడ, నడుము ప్రతి క్షణం దాన్ని సరిదిద్దుకుంటూ ఉండాలి. నిలకడలేని బరువును అదుపుచేసే సాధన నేటి క్రీడాశిక్షణలో ఖరీదైన పాఠం. బందరు వీధుల్లో అది భక్తిలో భాగం.

5. ముద్గరం వెళ్ళి వచ్చిన దారి

భారతీయ మల్లులు తిప్పే ముద్గరాలను చూసి ఇంగ్లీషు సైనికులు నేర్చుకున్నారు. 1834లో లండన్‌లో డోనాల్డ్ వాకర్ ప్రచురించిన వ్యాయామగ్రంథం వీటిని ఇంగ్లీషు పాఠకులకు పరిచయం చేసింది. 1866లో న్యూయార్క్‌లో సిమ్ కెహో ‘ఇండియన్ క్లబ్’ పేరుతోనే పుస్తకం వేశాడు. ఈ ప్రయాణంలో దుంగ సన్నబడింది, తేలికపడింది, జత తూకం సమానమైంది, సంగీతానికి తగ్గట్టు అందరూ ఒకేసారి తిప్పే కవాతు వస్తువైంది. ఆ రూపంలోనే అది తిరిగి భారతదేశపు పాఠశాలల్లోకి వచ్చింది. మన ముద్గరం మనకే విదేశీ పేరుతో అందింది.

మారింది పేరొక్కటే అయితే చర్చ అక్కరలేదు. ముద్గరంలో బరువు కొసన ఉంటుంది. అదే బరువును చేతినుంచి రెండింతల దూరానికి జరిపితే తిప్పేటప్పుడు ఎదురయ్యే జడత్వం నాలుగింతలవుతుంది. కాబట్టి సాధకుడు ఎదిగేకొద్దీ బరువు పెంచనక్కరలేదు, పొడవైన దుంగ పట్టుకుంటే చాలు. కత్తి, కర్ర, గద తిప్పేవాడికి కావలసిన భుజబలం ఇదే. గుండెకు దగ్గరగా ఎత్తే డంబెల్ ఆ పని చేయదు. కవాతు కోసం పొడవు అందరికీ ఒకటే చేసినప్పుడు పోయింది ఈ సౌలభ్యమే.

1904–05లో యూజెన్ శాండో భారతదేశంలో ప్రదర్శనలిచ్చాడు. అదే తరంలో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గొలుసులు తెంచి, ఛాతీమీద ఏనుగును నిలిపి పేరు తెచ్చుకున్నాడు. శాండో తన పేరుతో స్ప్రింగు డంబెల్సు అమ్మాడు. రామ్మూర్తి శ్వాసను బిగబట్టే సాధనను తన బలానికి మూలంగా చెప్పుకున్నాడని ప్రసిద్ధి. అంగడిలో దొరికేది ఒకటి, దొరకనిది మరొకటి. ఏది వ్యాపించిందో వేరే చెప్పనక్కరలేదు. 1920లో మద్రాసులో హెచ్. సి. బక్ స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల దక్షిణాది పాఠశాలలకు శిక్షకులను తయారుచేసింది. వ్యాయామోపాధ్యాయుడు అన్న ఉద్యోగం ఏర్పడింది. వస్తాదు అన్న మాట ఎగతాళికి మిగిలింది.

6. బందరు జాతీయ కళాశాల

ఈ సందర్భంలో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య ప్రభృతులు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలను ప్రత్యేకంగా గమనించాలి. చేతిపనులను చదువుతో సమానంగా నిలిపిన సంస్థ అది. దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టి, బోయర్ యుద్ధంలో సైనికుడిగా పనిచేసి వచ్చిన పింగళి వెంకయ్య అక్కడ అధ్యాపకుడు. వ్యవసాయశాస్త్రంతోబాటు వ్యాయామం, గుర్రపుస్వారీ, సైనికశిక్షణ కూడా ఆయన నేర్పేవాడని జీవితచరిత్రలు చెబుతాయి. జెండా రూపకర్తగా ఆయనను తలచుకోవడంలో ఈ పార్శ్వం మరుగునపడింది. సైన్యంలో కవాతు చూసినవాడు, పొలం తెలిసినవాడు, వడ్రంగానికీ నేతకూ గౌరవమిచ్చిన ప్రాంగణంలో దేహశిక్షణ ఇచ్చాడన్నది చిన్న విషయం కాదు. పరికరాన్ని కొనడానికీ చేసుకోవడానికీ మధ్య మరో దారి అక్కడ సాధ్యమై ఉండేది. ఆ దారి పాఠ్యప్రణాళికగా స్థిరపడలేదు.

7. తూకం, పట్టిక

వీశ, మణుగుల స్థానంలో 1958 నుంచి కిలోగ్రాము వచ్చింది. మద్రాసు మణుగు ఎనిమిది వీశలు, అంటే సుమారు పదకొండు కిలోలకు పైచిలుకు. ఊరికొక తూకం ఉన్న రోజుల్లో ‘ఇంత ఎత్తాను’ అన్న మాట ఊరు దాటితే అర్థం మారేది. ఒకే కొలత రావడం వల్ల పోటీ సాధ్యమైంది. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిందని మనం చెప్పుకోగలగడానికి ఆ కొలతే ఆధారం. కనుక తూకాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. బరువెత్తడమే విద్య అయినచోట తూకమే సరైన ప్రమాణం. కర్రసాము, మల్లయుద్ధం, చెడుగుడు అటువంటివి కావు. మొదటిదానికి మణికట్టు, భుజం అలసిపోకుండా తిరగాలి, రెండోదానికి కదిలే శరీరాన్ని పట్టి నిలిపే వేళ్ళు, మెడ, నడుము కావాలి, మూడోదానికి ఊపిరి. బందరులో నేడు ఒక యువకుడు కర్రసాము కోసం వ్యాయామశాలలో చేరితే అతనికి ముందుగా ఎదురయ్యేది కూర్చొని తోసే యంత్రం. కూర్చున్నవాడి కాలికింద నేల లేదు. కొనగలిగితే అతనికి కావలసినవి ఒక పొడవాటి దుంగ, ఎక్కడానికి ఒక లావుపాటి తాడు, ఇసుక నింపిన ఒక గోనె. మూడూ ఊళ్ళోనే దొరుకుతాయి, గోనె అయితే మిల్లు దగ్గర.

నమోదు కాకపోవడానికి ఈ సీమలో మరో కారణం కూడా ఉంది. 1864 నవంబరులో ఉప్పెన బందరును ముంచి దాదాపు ముప్పైవేలమందిని పొట్టనపెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ మళ్ళీ మునిగింది. తాడిచెట్లను కరచుకొని బతికినవారి కథనాలు మనకు తెలుసు. ఇల్లే మిగలని ఊళ్ళలో చూరులో దోపిన కర్ర, దొడ్లో పాతిన మాను మిగలవు.

ఈ అలిఖితస్థితికి ఇప్పుడు మూల్యం కనిపిస్తోంది. 2022లో హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యువక్రీడల్లో గట్కా, కలరిపయట్టు, థాంగ్‌టా, మల్లఖంబాలకు చోటిచ్చారు. ఆ జాబితాలో కర్రసాము లేదు. పోటీకి ఎక్కాలంటే కర్ర పొడవు, చుట్టుకొలత, బరువు, జాతి రాతపూర్వకంగా ఉండాలి. మన దగ్గర ఆ కొలతలు మనుషుల ఒంటిమీద ఉన్నాయి: కర్ర నిలబెడితే సాధకుడి చెవిదాకా రావాలనేవారున్నారు, కనుబొమదాకా అనేవారున్నారు, పట్టు కింద జానెడు వదలాలనేవారూ, మూరెడు వదలాలనేవారూ ఉన్నారు. జాన, మూర ఎవరివి వారివే. పన్నెండేళ్ళ పిల్లకూ ముప్పైఏళ్ళ మనిషికీ ఒకే పొడవు కర్ర ఇవ్వని పద్ధతి ఇది. దీన్ని మీటర్లలోకి దించేటప్పుడు ఒక అంకె రాయాలా, సాధకుడి ఎత్తుకు ఇంత అన్న నిష్పత్తి రాయాలా అన్నది క్రీడాసంఘాలకంటే ముందు క్షేత్రపరిశోధకులు తేల్చవలసిన విషయం. దానికి ఊరూరా కర్ర పట్టినవారి ఎత్తునూ, వారి చేతిలోని కర్రనూ పక్కపక్కన కొలిచి రాసుకోవాలి.