ఎండీఎం-2: చిట్టెలుక కణాల్లో దొరికిన జన్యువు కథ

విద్యార్థులారా, జన్యువులకు పెట్టిన పేర్లు చాలాసార్లు అవి చేసే పనిని చెప్పవు, దొరికిన చోటును మాత్రమే చెబుతాయి. ఎండీఎం-2 అలాంటి పేరే. మొదటి 'ఎం' అంటే మౌస్, చిట్టెలుక. 'డీఎం' అంటే డబుల్ మినిట్. ఇది గడియారంలోని నిమిషం కాదు సుమా! 'జంటగా ఉండే అతి చిన్న తునక' అని ఇక్కడ అర్థం.

కొన్ని క్యాన్సర్ కణాలను సూక్ష్మదర్శినిలో చూస్తే క్రోమోజోముల నడుమ చిన్న చిన్న చుక్కలు జంటలుగా కనిపిస్తాయి. అవి క్రోమోజోముల నుంచి వేరుపడిన డీఎన్ఏ తునకలు. వాటికి సెంట్రోమియర్ ఉండదు. అందువల్ల కణ విభజనలో అవి రెండు పిల్ల కణాలకూ సమానంగా చేరవు. ఒకదానికి ఎక్కువ, మరొకదానికి తక్కువ పోతాయి. అయినా ఒక కణవంశంలో తరతరాలుగా నిలిచి ఉన్నాయంటే, వాటిలోని ఏదో జన్యువు ఆ కణాలకు మేలు చేస్తూ ఉండాలి కదా! అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డోనా జార్జ్ బృందం ఈ తర్కాన్నే పట్టుకుంది. 3టీ3 అనే ఎలుక కణాల నుంచి పుట్టిన ఒక వంశంలో ఈ తునకలు ఉండేవి. 1987లో వాటి నుంచి కొన్ని జన్యువులను వేరుచేశారు. వాటిలో రెండోది ఎండీఎం-2. దాని నకళ్ళు పెరిగితే, ప్రయోగశాలలో పెంచే కణాలకు కణితులుగా మారే గుణం వస్తుందని 1991లో తేలింది. ఎందుకు వస్తుందో మాత్రం అప్పటికి తెలియలేదు.

జవాబు మరో దారిలో వచ్చింది. 1979లో కనుగొన్న పి-53 అనే ప్రోటీన్‌ను పదేళ్ళపాటు క్యాన్సర్ తెచ్చేదిగానే భావించారు. 1989లో అది క్యాన్సర్‌ను అణచేదని రుజువైంది. డీఎన్ఏ దెబ్బతింటే పి-53 ఆ కణం విభజనను ఆపుతుంది. నష్టం బాగుపడనిదైతే ఆ కణం తనంతట తాను చనిపోయేలా చేస్తుంది. 1992లో ప్రిన్స్‌టన్‌లో ఆర్నాల్డ్ లెవీన్ బృందం పి-53ను అంటిపెట్టుకుని దాన్ని పనిచేయనివ్వని ఇంకో ప్రోటీన్ ఎవరిదో కనిపెట్టింది. అది ఎండీఎం-2దే! అదే ఏడాది బాల్టిమోర్‌లో బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం 47 సార్కోమా కణితులను పరీక్షించింది. సార్కోమా అంటే ఎముక, కండర, కొవ్వు వంటి కణజాలాల్లో పుట్టే క్యాన్సర్. మూడో వంతుకు మించిన కణితుల్లో మనిషి ఎండీఎం-2 జన్యువు నకళ్ళు పెరిగి ఉన్నాయి. అంటే పి-53 జన్యువు చెడిపోనక్కరలేదు, దాని నోరు నొక్కినా క్యాన్సర్‌కు చాలు.

ఇక్కడొక ప్రశ్న పుడుతుంది. ఇంత హాని చేసే జన్యువు ఆరోగ్యకరమైన శరీరంలో అసలెందుకుంది?

దీనికి జవాబిచ్చిన ప్రయోగం, నా దృష్టిలో, ఈ చరిత్రలో అన్నిటికంటే అందమైనది. టెక్సాస్‌లోని హ్యూస్టన్ నగరంలో రెండు బృందాలు విడివిడిగా ఎండీఎం-2 లేని ఎలుకలను పుట్టించబోయాయి. ఒక్కటీ పుట్టలేదు. పిండాలు గర్భాశయపు గోడకు అంటుకునే తొలి రోజుల్లోనే నశించాయి. అప్పుడు ఎండీఎం-2తోపాటు పి-53ను కూడా తీసేశారు. ఎలుకలు చక్కగా పుట్టాయి, పెరిగాయి! 1995లో రెండు బృందాల ఫలితాలూ 'నేచర్' పత్రికలో వచ్చాయి. పిండాన్ని చంపింది ఎండీఎం-2 లేకపోవడం కాదు, దాని అదుపు తప్పిన పి-53. కంచే చేను మేయడమంటే ఇదే. అలాగని ఆ ఎలుకలు క్షేమమా? కాదు. పి-53 లేని ఎలుకలు మామూలుగానే పుట్టినా చాలావరకు ఆరు నెలలలోపే కణితుల పాలవుతాయని 1992లోనే హ్యూస్టన్‌లోనే చూశారు.

మరి కణం ఈ రెంటి మధ్య ఎలా నెగ్గుకొస్తుంది? పి-53 పనిచేయడం మొదలుపెట్టగానే అది ఎండీఎం-2 జన్యువును కూడా మేల్కొలుపుతుందని 1993లో తెలిసింది. అలా తయారైన ఎండీఎం-2, పి-53ను పట్టుకుని, కణంలోని ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రాంగానికి అప్పగిస్తుంది. ఈ సంగతి 1997లో బయటపడింది. మన ఇళ్ళలో నీళ్ళ ట్యాంకు నిండగానే తేలే బంతి కుళాయిని మూసేస్తుంది చూడండి, ఇదీ అలాంటిదే. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు మాత్రం ఈ రెండు ప్రోటీన్ల పట్టు సడలుతుంది, పి-53 పోగుపడుతుంది.

ఆ పట్టును మందుతో సడలించలేమా? పి-53లోని మూడు అమైనో ఆమ్లాలు ఎండీఎం-2లోని ఒక గుంటలో ఇమిడిపోతాయని 1996లో స్ఫటిక నిర్మాణం చూపింది. 2004లో రోష్ కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ గుంటను పూడ్చే చిన్న అణువులను ప్రకటించారు. తమ ప్రయోగశాల ఉన్న న్యూజెర్సీలోని నట్లీ ఊరి పేరు మీదుగా వాటికి నట్లిన్‌లు అని పేరుపెట్టారు. ఇక్కడా దొరికిన చోటే పేరైంది!

కానీ ఎలుక ముందే హెచ్చరించింది. 2006లో ఎండీఎం-2 లేని ఎదిగిన ఎలుకల్లో నిద్రాణంగా ఉంచిన పి-53ను మేల్కొలిపితే, అవి కొద్ది రోజుల్లోనే చనిపోయాయి. ఈ కోవ మందులు వాడిన రోగుల్లో రక్తంలోని ప్లేట్‌లెట్లు పడిపోవడం ప్రధాన ఇబ్బందిగా కనిపించింది. కొవ్వు కణజాలపు క్యాన్సర్ అయిన లైపోసార్కోమా మీద ఇటువంటి ఒక మందుతో జరిపిన పెద్ద పరీక్ష 2023లో అనుకున్న ఫలితం ఇవ్వలేదు.

రోగ నిర్ధారణలో మాత్రం ఈ జన్యువు ఇప్పటికే పనికొస్తోంది. కొవ్వు గడ్డ నిరపాయకరమైనదా, లైపోసార్కోమానా అన్న అనుమానం వస్తే, పెథాలజిస్టులు దాని కణాల్లో ఎండీఎం-2 నకళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు.