రాజుగారి కారు - ప్రజల కారు

సిద్దిపేట నిజాం రాజ్యములో ఉన్న రోజులవి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోరికపై, సింహాసనము వంటి ఆసనముతో రోల్స్‌రాయిస్ 'సిల్వర్ ఘోస్ట్' కారు తయారైనది. ఆయన 1911లో మరణించుటచే అది కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు చేరినది. దాని ఆరు సిలిండర్ల ఘనపరిమాణము సుమారు 7,400 ఘన సెంటీమీటర్లు. 1960ల నాటి అంబాసిడర్‌కు సిలిండర్లు నాలుగే. ఘనపరిమాణము 1,489, అనగా అయిదవ వంతు. అయినను రెండింటి శక్తి దరిదాపు సమానమే: సుమారు 50 అశ్వశక్తి. ఇదెట్లు సాధ్యము?

పాత యంత్రము నిమిషమునకు సుమారు 1,200 చుట్లు తిరిగి ఇచ్చిన శక్తిని, కొత్తది 4,000కు మించి తిరిగి ఇచ్చును. పైగా పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని మండించుటకు ముందు రెండింతలు గట్టిగా అదుమును.

రాజుగారి కారు అరుదుగా కదిలి, నేడు హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములో ప్రదర్శనకు నిలిచినది. 2014లో తయారీ ఆగిన అంబాసిడరో, సిద్దిపేట వంటి ఊళ్లలో అధికారులనే కాక రోగులను, పెండ్లివారిని కూడ మోసినది. యంత్రము చిన్నదైనకొద్దీ దాని మేలు పెక్కుమందికి అందినది.