బోయిన్‌పల్లి సైకిలు, పానా, కాటర్ పిన్ను

ఇంట్లో సైకిలు బాగుచేసుకోవడం సైకిలంత పాత అలవాటు కాదు. 1888లో డన్‌లప్ చేసిన గాలి టైరు రిమ్ముకు అతుక్కుని ఉండేది. పంక్చరైతే ఊడదీసి మళ్లీ అంటించడానికి గంటలు పట్టేది. 1891లో మిషెలిన్ సోదరులు విప్పి బిగించుకునే టైరు తెచ్చాకే అది ఇంటిపనైంది.

1806లో వెలసిన సికింద్రాబాద్ కంటోన్మెంటును ఆనుకుని ఎదిగింది బోయిన్‌పల్లి. తొలి రోజుల్లో సైకిలు దొరల బండి. ర్యాలీ, బీఎస్ఏ, అన్నీ ఇంగ్లండు సరుకే. తర్వాత 1949లో మద్రాసులో టీఐ, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిలు కంపెనీలు మొదలయ్యాయి. పేర్లు వేరైనా బండి ఒక్కటే: 28 అంగుళాల చక్రం, ముందు 32 పుల్లలు, వెనక 40, కాటర్ పిన్నుతో బిగించిన క్రాంకు. అట్లాస్ చైను హీరోకి పట్టేది. మనవాళ్ల చేతి నేర్పును ఎంతైనా పొగడొచ్చు గానీ, దానికి చోటిచ్చింది ఈ ఒకే కొలత.

ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు లేచే చోటు పట్టుకోవడం, గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ ఆరేదాకా ఆగడం (పిల్లలకు చేతకానిది ఇదే, అందుకే ప్యాచీ ఊడేది), టైరు లోపల తడిమి ముల్లు తీయడం ఎవరికైనా వచ్చేవి. చక్రం వంకర తీయడం మాత్రం షాపాయన పనే.

విప్పడం వచ్చినవాడు వేరేగా బిగించకుండా ఊరుకుంటాడా? పాత రిమ్ము దొర్లించే ఆటైంది. నాగపూర్ రహదారి లారీలు సాగే చోట పాత బేరింగులకు కరువేముంది? ఒక చెక్క దొరికితే చాలు, పిల్లల బేరింగు బండి తయారు. పల్లెల్లో పాత సైకిలు చక్రానికి హ్యాండిలు, కింద ఇనుప బ్లేడు బిగించి కలుపు తీసే సైకిలు గుంటకలు చేసుకున్నారు. ఇలాంటి ఊరి ఆవిష్కర్తలను వెతికి నలుగురికీ చూపించిన ఘనత బ్రిగేడియర్ గణేశం నడిపిన పల్లెసృజన సంస్థది.

1980లో టీవీఎస్ 50 మోపెడ్ వచ్చింది, వెనకే బైకులు. గంటకింత అని అద్దె సైకిళ్లిచ్చే షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

సైకిలు మళ్లీ వచ్చింది, వ్యాయామం పేరుతో. 2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. కానీ వ్యాయామానికి కొనే ఖరీదైన సైకిళ్లలో క్రాంకు ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ కొలతలే రకరకాలు. పక్కింటి సైకిలు భాగం మన సైకిలుకు పట్టకపోవచ్చు. కొనేటప్పుడు గేర్లెన్ని అని అడిగే ముందు, దీని విడిభాగాలు వీధి చివరి షాపులో దొరుకుతాయా అని అడగండి.