నునుపు తప్పిన ఇనుము

అమెరికాలో పాత బ్రిడ్జ్‌పోర్ట్ మిల్లింగ్ మెషిన్ కొనబోయేవాడికి అనుభవజ్ఞులు ముందుగా చూడమనేది మోటారును కాదు, రంగును అసలే కాదు. టేబుల్ పక్కకు జరిపి, అది జారే స్లైడ్‌వేల మీద వరసగా ఉండాల్సిన అర్ధచంద్రాకారపు చెక్కుళ్లను చూడమంటారు. నూనె నిలవడానికి ఒకనాడు చేత్తో చెక్కిన గుర్తులవి. కొసల్లో అవి స్పష్టంగా ఉండి, ఎక్కువ పని జరిగిన చోట చెరిగిపోయి ఉంటే, ఆ యంత్రం ఆయుష్షు కరిగిందన్నమాట. అది కోసే లోహం మీద నునుపు రాదు.

ఆ యంత్రం పుట్టింది కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్ నగరంలో. తుపాకులు, కుట్టు మిషన్లు తయారుచేసి బతికిన ఊరది. స్వీడన్ నుంచి వలస వచ్చిన రుడాల్ఫ్ బ్యానో, మాగ్నస్ వాల్‌స్ట్రామ్ అక్కడ భాగస్వాములయ్యారు. మొదట ఇతరుల యంత్రాలకు తగిలించే మిల్లింగ్ హెడ్ చేశారు. 1936లో బ్యానో ఒక కాగితపు సంచీ మీద పూర్తి యంత్రం బొమ్మ గీశాడని చెబుతారు. 1938లో మొదటి యంత్రం అమ్ముడైంది. ముందుకూ వెనక్కూ జరిగే చెయ్యి, చుట్టూ తిరిగే మెడ, ఎటు కావాలంటే అటు వాలే తల. టూల్ రూముల్లో అంతవరకూ లేని స్వేచ్ఛ అది. రెండున్నర లక్షలకు పైగా తయారయ్యాయి. ఇవాళ మన హైదరాబాద్ బాలానగర్ టూల్ రూముల్లో కనిపించే టరెట్ మిల్లింగ్ మెషిన్లదీ ఆ పోలికే.

వాలే తలకు ఒక బాధ్యత ఉంది. కట్టర్‌ను తిప్పే స్పిండిల్ టేబుల్‌కు నిక్కచ్చిగా నిట్టనిలువుగా నిలవాలి. డయల్ గేజ్ బిగించి, చేత్తో తిప్పుతూ అటూ ఇటూ ముల్లు ఒకే చోట ఆగేదాకా సరిచేయాలి. తల ఫీడ్ దిశలో పిసరంత వాలినా ఫ్లై కట్టర్ కోసిన ముఖం మధ్యలో గుంటపడుతుంది. పక్కకు వాలితే వరసకూ వరసకూ మధ్య మెట్టు మిగులుతుంది, గోరుతో గీస్తే తెలుస్తుంది. అన్నీ కుదిరిన రోజున వెళ్లే అంచు గీతలూ తిరిగొచ్చే అంచు గీతలూ ఒకదానినొకటి కోసుకుని సన్నని అల్లిక వేస్తాయి. ఆ అల్లికను చూసిన పనివాడి ముఖంలో తృప్తిని నేను ఎంతో గౌరవిస్తాను.

పతనం ఒక్కరోజులో రాలేదు. 1968లో కంపెనీ టెక్స్‌ట్రాన్ అనే సంస్థ చేతికి వెళ్లింది. తైవాన్ నుంచి అచ్చం ఇలాంటివే చవకగా వచ్చాయి. కంప్యూటర్ నడిపే యంత్రాలు పెద్ద పనులను ఎగరేసుకుపోయాయి. 1991లో బ్రిడ్జ్‌పోర్ట్ నగరమే దివాలా పిటిషన్ వేసింది. 2002లో కంపెనీ వంతు వచ్చింది, అప్పటి యజమాని గోల్డ్‌మన్ ఇండస్ట్రియల్ గ్రూప్‌తో పాటు. 2004లో ఆ పేరును హార్డింజ్ అనే కంపెనీ కొనుక్కుంది. చిన్న చిన్న వర్క్‌షాపులు మూతపడ్డాయి. దాదాపు టన్ను బరువున్న ఆ యంత్రాలు వేలాల్లో పోయి, ఇళ్ల గ్యారేజీల్లో, అభిరుచి కొద్దీ పనిచేసుకునేవాళ్ల దగ్గరకు చేరాయి.

అక్కడ మొదలవుతుంది అసలు దుఃఖం. కొత్తగా కొన్నవాడు నునుపు రాలేదని కట్టర్ మారుస్తాడు, వేగం మారుస్తాడు, నూనె మారుస్తాడు. కొంత ఫలితం ఉంటుంది కూడా. పదునైన టిప్, సన్నని చివరి కోత, ఆగకుండా సాగే ఫీడ్, పనిలేని స్లైడ్లన్నీ లాక్ చేయడం, పొట్టును ఎప్పటికప్పుడు తుడవడం, అల్యూమినియమైతే కాస్త కిరోసిన్, ఇవన్నీ మేలు చేసేవే. కానీ స్క్రూ, నట్టు అరిగి వదులైతే కట్టర్ టేబుల్‌ను తన వైపు లాక్కుంటుంది. మెరుగైన నునుపునిచ్చే క్లైంబ్ మిల్లింగ్ అప్పుడు ప్రమాదం. ఇక స్లైడ్‌వే మధ్యలో అరిగితే ఈ మందులేవీ పనిచేయవు. వదులు పోవాలని గిబ్ బిగిస్తే కొసల్లో టేబుల్ పట్టేస్తుంది. కొసలకు సరిపెడితే మధ్యలో వణుకుతుంది. ఆ వణుకు లోహం మీద అలలై దిగుతుంది. దశాబ్దాల పాటు అన్నం పెట్టిన చోటే ఆ యంత్రం అరిగిపోయింది.

తిరిగి నిలబెట్టే దారి ఒకటే. నీలిరంగు పూసిన స్ట్రెయిట్ ఎడ్జ్ రుద్ది, రంగంటిన మిట్టలను స్క్రేపర్‌తో గీకి, మళ్లీ రుద్ది, మళ్లీ గీకి, ఇనుమును సమం చేయాలి. ఓర్పుతో, రోజుల తరబడి. ఆ విద్య చేతుల్లో ఉంటుంది, చేతుల నుంచే వస్తుంది. మీ ఊళ్లో స్క్రేపింగ్ తెలిసిన పాత ఫిట్టర్ ఎవరైనా ఉంటే, కొత్త కట్టర్ కొనేముందు ఆయన దగ్గరకు వెళ్లండి. పక్కన నిలబడి నేర్చుకోండి.