మేజువాణి అంటే విందా, ఆటా?

ఈసారి పోస్టు కాస్త పెద్దదే, తీరిక చూసుకుని చదవండి. చివర్లో మన కోజాగిరి రాత్రి గురించి ఒక మాట ఉంది. ఆ మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

మూడేళ్ళ కింద మా మేనకోడలి పెళ్ళి ధర్మాబాద్‌లో చేశాం. పెళ్ళికొడుకు వాళ్ళది కాకినాడ వైపు. తలంబ్రాలు అయినాక మా పక్కింటి మరాఠీ కాకా మైకు పట్టుకుని, రాత్రి ఎనిమిదికి మేజ్వానీ ఉంది, ఎవరూ వెళ్ళిపోవద్దు అని చెప్పాడు. సగం తెలుగు, సగం మరాఠీ, మన బాబ్లీ భాషే. వియ్యాలవారిలో ఎనభై దాటిన పెద్దాయన ఒకరు ఉలిక్కిపడి నన్ను దగ్గరికి పిలిచారు.

"ఏం బాబూ, మీ వైపు ఇంకా పెళ్ళిళ్ళలో మేజువాణి పెడతారా?"

"పెట్టకపోతే చుట్టాలు ఊరుకుంటారా అండీ?" అన్నాను.

"మరి ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు కదా?"

"వాళ్ళనే ముందు కూర్చోబెడతాం."

ఆయన నా ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయారు. నేను మాట్లాడుతున్నది భోజనం గురించి, ఆయన అడుగుతున్నది నాట్యం గురించి అని తెలియడానికి ఐదు నిమిషాలు పట్టింది. తెలిశాక పంక్తిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. తర్వాత కాసేపు ఆగి, "చిన్నప్పుడు ఒకసారి చూశాను. మా నాన్నగారి ఒళ్ళో కూర్చుని. ఆడినావిడ పేరు గుర్తులేదు. ఆవిడ ఆ రాత్రి అన్నం తిన్నదో లేదో కూడా నాకు తెలీదు" అన్నారు. ఆ చివరి మాట నన్ను వదల్లేదు.

ముందు ఈ మాట సంగతి చూద్దాం. పారశీకంలో మేజ్ అంటే బల్ల. పాతకాలం వాళ్ళు మేజాబల్ల అనేవారు, అదే ఇది. మేజ్‌బాన్ అంటే ఇంటికొచ్చినవాడికి ఆతిథ్యం ఇచ్చేవాడు. మేజ్‌బానీ అంటే ఆ ఆతిథ్యం. సుల్తానులతో, నవాబులతో దక్కనుకు వచ్చిన వందల మాటల్లో ఇదొకటి. మరాఠీలోకి వెళ్ళి మేజ్వానీ అయింది, అర్థం విందు. తెలుగులోకి వచ్చి మేజువాణి అయింది. కోస్తా జిల్లాల్లో దాని అర్థం పెళ్ళి పందిట్లోనో జమీందారు హాల్లోనో కళావంతులు చేసే పాట, నాట్యం. ఒకే ఆతిథ్యంలో అన్నమూ ఉంది, ఆటా ఉంది. పంపకాల్లో మరాఠీవాళ్ళు అన్నం ఉంచుకున్నారు, తెలుగువాళ్ళు ఆట ఉంచుకున్నారు. రెండు భాషలూ కలిసే మన ఊళ్ళో మాత్రం ఆ రెండు సగాలూ అప్పుడప్పుడు ఇలా ఎదురుపడతాయి.

మేజువాణి ఎలా ఉండేది? భోజనాలు అయినాక రాత్రి పొద్దుపోయేదాకా సాగేది. జంపఖానా మీద పెద్దలు కూర్చునేవారు. మృదంగం, ఫిడేలు, శ్రుతి. ముఖ్య నర్తకితో పాటు మరో ఇద్దరు ముగ్గురు. వర్ణాలు, క్షేత్రయ్య పదాలు, జావళీలు. చాలాసేపు కూర్చునే, కళ్ళతో, చేతులతో అభినయం చేసేవారు. ఒకే పాదాన్ని తిప్పి తిప్పి పది రకాల అర్థాలు పట్టించేవారు. దీన్ని వట్టి కాలక్షేపం అనుకుంటే పొరపాటు. ఏళ్ళ తరబడి చదువు, సంగీతం నేర్చిన మనుషులు చేసే పని అది.

ఇందులో మన రెండు భాషల బంధుత్వం ఇంకొకటి ఉంది. 1676 నుంచి 1855 దాకా తంజావూరును ఏలినవాళ్ళు మరాఠీ భోంసలేలు. వాళ్ళ దర్బారులో పాట తెలుగే. రాజు షాహాజీ స్వయంగా తెలుగులో యక్షగానాలు రాశాడు. ప్రతాపసింహుని కొలువులో ముద్దుపళని తెలుగులో కావ్యం రాసింది. ఆ రాజుల మీద కట్టిన సలాం దరువులు తర్వాత గోదావరి జిల్లాల మేజువాణి దాకా వచ్చాయి. మరాఠీ రాజు, తెలుగు పాట, సలాం అనే అరబ్బీ మాట, మూడూ ఒకే దరువులో ఉన్నాయి.

ఇక మన నిజాం రాజ్యం సంగతి. నాందేడ్ జిల్లా 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే కాబట్టి ఇది మన చరిత్రే. 1799 అక్టోబరులో హైదరాబాద్‌లో మీర్ ఆలం ఇంట్లో ఒక రాత్రి నాట్యం జరిగింది. నర్తకి మహ్‌లఖాబాయి చందా. అప్పటికే ఉర్దూ గజళ్ళు రాసిన కవయిత్రి. ఆ రాత్రి నాట్యం మధ్యలోనే తన దీవాన్ రాతప్రతిని కెప్టెన్ మాల్కం అనే బ్రిటిష్ అధికారికి కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి లండన్ చేరింది. ఆ రాత్రి అతిథులు ఏం తిన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. ఆట ఆడిన మనిషి రాసిన పుస్తకం మాత్రం ఇప్పటికీ ఉంది. ఆమె సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. హైదరాబాద్ వెళ్ళినప్పుడు చూసి రండి.

ఇప్పుడు కాసేపు ఫ్రాన్సు వెళ్ళొద్దాం. కాబరే అనగానే మన తరం వాళ్ళకు సినిమాలో క్లబ్బు డాన్సు గుర్తొస్తుంది. హెలెన్, జ్యోతిలక్ష్మి, జయమాలిని, హలం. బల్లల చుట్టూ గ్లాసులు పట్టుకున్న పెద్దమనుషులు, మధ్యలో డాన్సు. కానీ ఫ్రెంచి భాషలో కాబరే అంటే మొదట కల్లు దుకాణం లాంటి చిన్న మద్యశాల, అంతే. పారిస్‌లో మోంమార్త్ర్ ప్రాంతంలో 1881లో రొడాల్ఫ్ సాలిస్ 'నల్ల పిల్లి' అని పేరు పెట్టి ఒక దుకాణం తెరిచాడు. తాగేవాళ్ళ బల్లల మధ్యే కవులు, పాటగాళ్ళు తమ పాటలు వినిపించేవారు. అలాంటివి ఊరంతా వచ్చాక, తినే తాగే చోటు పేరే అక్కడి ఆటకు పేరయింది. మన మేజువాణికి జరిగింది అదే. బల్ల దగ్గర మొదలైన మాట నాట్యం దగ్గర తేలింది. ఇంత దూరంలో ఉన్న రెండు భాషలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోలేదు. మనిషి కడుపు నిండాక పాట వినాలనుకుంటాడు, అది ఎక్కడైనా అంతే.

ఈ ఫ్రెంచి మాట ఓడెక్కి బొంబాయి వచ్చింది. 1903లో తెరిచిన తాజ్ హోటల్లో 1930లలో విందు, జాజ్ బ్యాండు, డాన్సు కలిసి నడిచేవి. 1935లో లియాన్ ఆబీ అనే నల్లజాతి అమెరికన్ తన బ్యాండును అక్కడికి తెచ్చాడు. అదే ఊళ్ళో కామాటిపురా ఉంది. ఆ పేరు మన తెలుగు కామాటీలది, నిజాం ఇలాకా నుంచి కూలికి వెళ్ళి బొంబాయి కట్టినవాళ్ళది. తాజ్‌లో బ్యాండు వాయిస్తుంటే మనవాళ్ళు ఎక్కడున్నారో చెప్పనక్కర్లేదు. విందూ ఆటా అందరికీ ఇష్టమే. కానీ ఎవరి విందు మర్యాద, ఎవరి ఆట బూతు అన్నది ఎప్పుడూ ఇంకెవరో తేలుస్తారు.

ఆ తీర్పు మన తెలుగునాట ముందే వచ్చింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు తన వివేకవర్ధనిలో పెళ్ళిళ్ళలో మేళం పెట్టడాన్ని చీల్చి చెండాడారు. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు, ఇలాంటి నాట్యాలకు రావద్దని వైస్రాయికి, గవర్నరుకు విన్నపం పంపారు. గురజాడ 1897లో కన్యాశుల్కం అచ్చువేశారు. అందులో మధురవాణి చుట్టూ తిరిగే చర్చ ఇదే. సంస్కర్తలది తప్పని నేను అనను. చిన్నపిల్లలను ఆ వృత్తిలో దింపడం, జమీందారుల దయ మీద బతకడం నిజంగా ఉన్న బాధలే. ఆ కులంలో పుట్టిన యామినీ పూర్ణతిలకం లాంటివాళ్ళే ముందు నిలబడి పోరాడారు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ చట్టం తెచ్చింది. దురాచారం పోవాలి, పోయింది. కానీ ఆటతో బతికినవాళ్ళకు తర్వాత బతుకు ఏమిటని అడిగినవాళ్ళు తక్కువ. పదాలు, జావళీలు సభల్లోకి, రేడియోలోకి వెళ్ళాయి. వాటిని దాచిపెట్టిన ముసలమ్మలు ఊళ్ళో తలుపులేసుకుని బతికారు.

మహారాష్ట్రలో కథ ఇంకోలా నడిచింది. ఇక్కడ 1960లో ఒక నియమావళి వచ్చింది, వినోద స్థలాల లైసెన్సుల కోసం. దాని పేరులోనే కాబరే ప్రదర్శనలు, మేళాలు, తమాషాలు అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. స్టార్ హోటల్ కాబరే, మన మాళేగావ్ ఖండోబా జాతరలో డేరా కింద ఆడే తమాషా, ప్రభుత్వం దృష్టిలో ఒకే కుటుంబం. ఆ కాగితం మీద ఉన్న సమానత్వం 2005లో పోయింది. హోం మంత్రి ఆర్.ఆర్. పాటిల్ హయాంలో చట్టం సవరించి, బీరు బార్లలో, పర్మిట్ రూముల్లో, తిండిశాలల్లో నాట్యం నిషేధించారు. మూడు నక్షత్రాలూ ఆపైన ఉన్న హోటళ్ళకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అదే పాట, అదే ఆట. బిల్లు పెద్దదైతే సంస్కృతి, చిన్నదైతే నేరం.

75 వేల మంది ఆడవాళ్ళ పని పోయిందని కోర్టులో వాదించారు. వాళ్ళలో చాలామంది తరతరాలుగా ఆటపాటలే వృత్తిగా ఉన్న కులాలవాళ్ళు. 2006లో బొంబాయి హైకోర్టు ఈ నిషేధాన్ని కొట్టేసింది. 2013 జూలై 16న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ధనికుడి హోటల్లో తప్పు కానిది పేదవాడి బారులో తప్పు ఎలా అవుతుందన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. 2016లో ప్రభుత్వం ఇంకో చట్టం తెచ్చింది. ఆడే గదికీ, తినే తాగే గదికీ మధ్య గోడ ఉండాలంది. ఆట ఉన్నచోట మద్యం పెట్టవద్దంది. 2019 జనవరి 17న సుప్రీంకోర్టు ఆ రెండు షరతులనూ తీసేసింది. నోట్లు విసరడాన్ని మాత్రం కుదరదంది, బహుమానం చేతికి ఇవ్వవచ్చంది. నాకు ఆ తీర్పులో నచ్చింది ఇదే. ఇచ్చేది చేతికి ఇవ్వాలి, ముఖాన కొట్టకూడదు.

తమాషా గురించి ఒక్క మాట. విఠాబాయి నారాయణ్‌గావ్‌కర్ (1935–2002) పేరు ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. నిండు గర్భిణిగా ఆడుతూ తెర వెనక్కి వెళ్ళి, బిడ్డను కని, మళ్ళీ ఆడటానికి వచ్చిందని చెప్పుకుంటారు. రాష్ట్రపతి చేతుల మీదుగా అవార్డు అందుకుంది. చివరి రోజులు బీదరికంలో గడిచాయి. ఇప్పుడు ఆమె పేరిట ప్రభుత్వం ఏటా పురస్కారం ఇస్తోంది. పేరుకు పురస్కారం సులువే. మనిషి ఉండగా ఒక పూట మర్యాదే కష్టం.

ఈ మాట ఇంకొకరిని వేలెత్తి చూపడానికి రాయలేదు. పోయినేడు కోజాగిరి రాత్రి మనం ఒక లావణీ బృందాన్ని పిలిచాం. వెన్నెట్లో మసాలా పాలు, జొన్నరొట్టె, పిఠ్లా, మన పులిహోర. ఆట బాగుంది, అందరూ మెచ్చుకున్నారు. భోజనాల బాధ్యత నాది. ఒంటిగంటన్నరకు గిన్నెలు కడిగిద్దామని వెళ్తే, చెప్పుల గుట్ట పక్కన అరుగు మీద ఆ బృందంలోని ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. గజ్జెలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. వాళ్ళకు ఎవరూ పెట్టలేదు. రొట్టెలు అయిపోయాయి. చల్లారిన అన్నం, అడుగంటిన పప్పు ఉన్నాయి, అవే పెట్టాను. అందులో పెద్దావిడ, "పర్వాలేదు దాదా, మాకు అలవాటే" అంది. కాకినాడ పెద్దాయన మాట నాకు అప్పుడు మళ్ళీ వినిపించింది. ఆవిడ తిన్నదో లేదో ఆయనకు తెలీదు. నాకు తెలుసు, అయినా ముందు అడగలేదు.

మొన్న మీటింగులో ఈసారి లావణీ వద్దని కొందరు, కావాలని కొందరు వాదించారు. వద్దనేవాళ్ళు మర్యాద గురించి మాట్లాడారు, కావాలనేవాళ్ళు కళ గురించి. నా మాట ఇది. పిలుద్దాం. ఒప్పుకున్న డబ్బు ఆటకు ముందే చేతికి ఇద్దాం. ఆట మొదలయ్యే ముందు, మొదటి పంక్తిలో, మన ఇళ్ళ ఆడవాళ్ళ పక్కన వాళ్ళకు వడ్డిద్దాం. వేడి రొట్టెలు వాళ్ళకే ముందు. అది కుదరదంటే ఆట కూడా వద్దు, పాలు తాగి ఇళ్ళకు వెళ్దాం.

మేజ్‌బానీ అంటే ఆతిథ్యం అని పైన రాశాను కదా. ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ అది చెందాలి, ఆడటానికి వచ్చినవాళ్ళకు కూడా. విందూ ఆటా మన నోట్లో విడిపోతే విడిపోయాయి, మన పంక్తిలో మనుషులు విడిపోకూడదు.

మీ ఇళ్ళలో ముసలివాళ్ళు మేజువాణి గానీ, పాత తమాషా గానీ చూసి ఉంటే అడిగి రాయండి. ఆడినవాళ్ళ పేర్లు గుర్తుంటే ముందు అవే రాయండి. వచ్చే ఆదివారం మీటింగుకు అందరూ రావాలి.