కణంలో కొలత – మన సుబ్బారావు గారి బాట

కరామాలో పెరుగుతున్న మన పిల్లలకు ఈ చరిత్ర చెప్పవలసి ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. కణం పెరగడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లానికి అది అడ్డుపడుతుంది. దానితో రక్తక్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948లో వెల్లడైంది. ఆ ఏడే ఆయన కన్నుమూశారు.

పాలీఅమీన్ల కథా ఇటువంటిదే. కూరలో ఉప్పులాగా కణంలో ఇవి కొలతగా ఉండాలి. తగ్గితే పెరుగుదల ఆగుతుంది; మితిమీరితే క్యాన్సర్‌కు ఊతమవుతుంది. ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము వీటి తయారీకి మొదటి మెట్టు. ఇవి ఎక్కువైతే యాంటీజైమ్ అనే ప్రోటీను పుట్టి దానిని అణచివేస్తుంది. ఆ ఎంజైమునే ఆపే ఎఫ్లార్నిథిన్ మందుకు అమెరికాలో 1990లో ఆఫ్రికా నిద్రజబ్బుకూ, 2023లో పిల్లల న్యూరోబ్లాస్టోమా తిరగబెట్టకుండా వాడటానికీ అనుమతి లభించింది.

పెరుగుదలకు కావలసినదానిని అడ్డగించి రోగాన్ని నిలువరించవచ్చునని తొలుత చూపినవారిలో మన తెలుగువాడున్నాడు. ఆ పేరు మన ఇళ్ళలో మరుగున పడనీయరాదు.