తెలుగునాట క్రైస్తవ కుటుంబం: పల్లె నుంచి సాయంకాల ప్రార్థన దాకా

లండన్ మిషనరీ సొసైటీ 1805లో విశాఖపట్నంలో పని మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలాకాలం క్రైస్తవం పుచ్చుకున్నవారిలో ఎక్కువమంది అయినవాళ్లను వదులుకుని మిషను కాంపౌండులో తలదాచుకున్న ఒంటరివాళ్లే. ఇంటిల్లిపాదీ చేరడం 1866 తర్వాత ఊపందుకుంది. ఆ ఏడు తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెలు ఆయన వెంట కదిలాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

చేరేవారికి మిషనరీ జాన్ క్లౌ పెట్టిన కట్టడి మూడు ముక్కలు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. వినడానికి మతనియమాలే గాని, భారమంతా ఇంటి మీద పడింది. ఆదివారం పనికి రాకపోతే ఆసామి ఊరుకోడు. జాతరలో డప్పు కొట్టనన్న తండ్రికి కళ్లంలో గింజలు దక్కవు. ఊళ్లో గొడ్డు చస్తే వచ్చే మాంసం వద్దనుకున్నాక, ఆ పూట కుండలో ఏం వేయాలో తల్లే చూసుకోవాలి.

ఆ తల్లిదండ్రుల్లో చాలామందికి అక్షరం రాదు. మిషను బోర్డింగులో చదివి సెలవులకు వచ్చిన పిల్ల కిరసనాయిలు బుడ్డి ముందు బైబిలు చదివితే పెద్దలు వినేవారు. ఒక తరం పాటు పెంపకం తలకిందులైందనే అనాలి. తల్లులకు దొరికిన ఆసరా పాట. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు చదువుతో పనిలేకుండా నోటికి వచ్చేవి, పొయ్యి దగ్గరికీ ఉయ్యాల దగ్గరికీ చేరాయి. బిడ్డలకు దానియేలు, మరియమ్మలతోపాటు కృపావరం, సువార్తమ్మ, దేవదానం అనే పేర్లు వచ్చాయి. లూథరన్, ఆంగ్లికన్ ఇళ్లలో పసికందుకే బాప్తిస్మం ఇస్తే, బాప్టిస్టులు బిడ్డ తానుగా ఒప్పుకునే వయసు దాకా ఆగేవారు.

1912లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య దోర్నకల్‌కు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయన. పల్లె సంఘం తన కాళ్ల మీద తాను నిలవాలన్నది ఆయన పట్టుదల. దానికి ఆడవాళ్లు తోడైన తీరు చిన్నదే: ఎసట్లో పోసే ముందు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో దాచి, ఆదివారం గుడికి పట్టుకెళ్లేవారు. తన వాటా తగ్గిందని పిల్లవాడు గొణిగినా ఆ కుండ జోలికి పోకూడదు.

తర్వాత పట్నం వలసలు, పై దేశాల ఉద్యోగాలు వచ్చాయి. రాత్రి భోజనానికి ముందు చాప పరిచి చేసుకునే కుటుంబ ప్రార్థన ఇప్పుడు కొన్ని ఇళ్లలో ఫోన్లో జరుగుతోంది. ఊళ్లో అమ్మమ్మ పల్లవి ఎత్తుకుంటే, అమెరికాలో మనవలు అందుకునేసరికి ఆమె చరణంలో ఉంటుంది.